తీరిన అప్పు మళ్లీ ఎందుకు మొలుస్తుంది?

సంక్షేమ నిధికి విరాళమిచ్చే పెద్దలు తరచుగా ఒక ప్రశ్న వేస్తుంటారు. “ఆయన అప్పు రెండేళ్ల కిందటే తీర్చాం కదా, మళ్లీ దరఖాస్తు ఎందుకు పెట్టుకున్నాడు?” ఈ ప్రశ్నలో కొంత కోపం, కొంత బాధ, కొంత న్యాయమైన సందేహం ఉన్నాయి. కష్టార్జితంలోంచి తీసి ఇచ్చిన సొమ్ము చిల్లు కుండలో పోసిన నీళ్లయిపోతుందేమోనన్న భయం దాతకు ఉండటం సహజం. అటువైపు, రెండోసారి చేయి చాచవలసి వచ్చిన మనిషికి మొదటిసారి కంటే పదింతల సిగ్గు ఉంటుంది. ఆ సిగ్గుతోనే చాలామంది మన దగ్గరికి రాకుండా నేరుగా వడ్డీ వ్యాపారి దగ్గరికి వెళ్లిపోతారు. అక్కడ ఎవరూ ప్రశ్నలు అడగరు గనుక.

కనుక ఈ ప్రశ్నను తీర్పుగా కాకుండా పాఠంగా తీసుకుందాం. ఈ పాఠంలో మనం నేర్చుకోవలసినవి మూడు. ఒకసారి బయటపడిన కుటుంబం మళ్లీ ఎందుకు అప్పులో పడుతుంది? రెండోసారి లేవడానికి లెక్క ఎలా వేసుకోవాలి? అలాంటి కుటుంబం పక్కన దాతలుగా మనం ఎలా నిలబడాలి?

ముందుగా ఒక మాట. రెండోసారి అప్పు చేసిన ప్రతి ఒక్కరూ దుబారా మనుషులు కారు. ఇంట్లో జబ్బు, పని పోవడం, యజమాని జీతం ఎగ్గొట్టడం వంటివి ఎవరి చేతిలోనూ ఉండవు. వాటి గురించి వేరే పాఠం చెప్పుకోవాలి. ఇక్కడ మనం మాట్లాడుకునేది ఆదాయం ఎప్పటిలాగే వస్తున్నా ఖర్చు మెల్లగా దాన్ని దాటిపోయి, తీరిందనుకున్న అప్పు తిరిగి వచ్చిన ఇళ్ల గురించి.

అప్పు తీరడం వేరు, అప్పు నుంచి బయటపడటం వేరు

కార్లన్, ముల్లైనాథన్, రాత్ అనే ముగ్గురు ఆర్థిక శాస్త్రవేత్తలు చేసిన ఒక అధ్యయనం 2019లో ప్రచురితమైంది. మన పొరుగున ఉన్న చెన్నైలోనూ, ఫిలిప్పీన్స్‌లోనూ మార్కెట్లలో సరుకు అమ్ముకునే చిరువ్యాపారులను వారు పరిశీలించారు. వీరు అధిక వడ్డీకి అప్పు తెచ్చి, సరుకు కొని, అమ్మి, వడ్డీ కట్టి, మళ్లీ అప్పు తెచ్చుకునేవారు. పరిశోధకులు వారిలో కొందరి వడ్డీ వ్యాపారి అప్పును పూర్తిగా తీర్చేశారు. ఇక వడ్డీకి పోయే డబ్బు మిగులుతుంది, వారు తేరుకుంటారు అనుకోవడం న్యాయమే. కానీ జరిగింది వేరు. ఎక్కువమంది ఆరు వారాల్లోపే మళ్లీ అప్పులోకి వెళ్లారు. ఏడాది, రెండేళ్ల తర్వాత చూస్తే, అప్పు తీర్చినవారికీ తీర్చనివారికీ తేడా కనబడలేదు.

ఇది చదివి “అయితే ఇవ్వడమే దండగ” అనుకోకూడదు. దీన్నుంచి గ్రహించవలసింది ఏమిటంటే, పాత బాకీ చెల్లించడం ఒక పని, ఆ బాకీ పుట్టిన కారణాన్ని సరిచేయడం ఇంకో పని. మొదటిది ఒక చెక్కుతో ఒక్క రోజులో అవుతుంది. రెండోదానికి నెలలు పడుతుంది. జ్వరానికి మాత్ర ఇచ్చి, ఇంటి ముందు నిలిచిన మురుగునీటిని వదిలేస్తే జ్వరం మళ్లీ వస్తుంది. అప్పుడు మాత్రను నిందించి లాభం లేదు.

మళ్లీ జారే చోట్లు

అప్పు తీర్చుకున్న కుటుంబాలు మళ్లీ జారిపోయే చోట్లు దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. వాటిని ముందే గుర్తుపట్టడం నేర్చుకుంటే సగం పాఠం వచ్చినట్టే.

మొదటిది, చేతిలో నిల్వ లేకపోవడం. ఉన్న ప్రతి రూపాయీ అప్పుకే కట్టేసి “హమ్మయ్య” అనుకున్న మరుసటి నెలలోనే బండి పాడవుతుంది, లేదా పిల్లవాడికి జ్వరం వస్తుంది. చేతిలో రెండు వేలు లేక మళ్లీ కార్డు తీయవలసి వస్తుంది.

రెండోది, ఖాళీ అయిన వాయిదా. నెలనెలా 4,000 రూపాయలు అప్పుకు కట్టిన ఇంట్లో, అప్పు తీరాక ఆ 4,000 ఎటు పోవాలో ఎవరూ నిర్ణయించకపోతే అది తనంతట తానే దారి వెతుక్కుంటుంది. హోటల్ బిర్యానీ, కొత్త ఫోను, కొంచెం పెద్ద టీవీ. ఏదీ తప్పుగా కనిపించదు. ఆరు నెలలకు అది ఇంటి అలవాటైపోతుంది.

మూడోది, బిగించిన పట్టు ఒక్కసారిగా వదలడం. ఏడాదిన్నర పాటు పండగకు కొత్త బట్టలు లేకుండా, బంధువుల దావత్‌లకు ఏదో సాకు చెప్పి తప్పించుకుంటూ గడిపిన కుటుంబం అప్పు తీరగానే “ఇన్నాళ్లూ కట్టుకున్నాం కదా, ఈ ఒక్కసారికి” అనుకుంటుంది. ఆ ఒక్కసారి ఒక్కటిగా ఆగదు.

నాలుగోది, అప్పు తనే తలుపు తట్టడం. బాకీ సక్రమంగా తీర్చిన మనిషికి కొత్త అప్పు ఇస్తామంటూ ఫోన్లు, సందేశాలు వెల్లువెత్తుతాయి. “మీకు రెండు లక్షలు మంజూరయ్యాయి” అన్న మాట బహుమతిలా వినిపిస్తుంది. అది బహుమతి కాదు, అమ్మకం.

ఐదోది, ఏడాదికోసారి వచ్చే ఖర్చును అనుకోని ఖర్చుగా భావించడం. రంజాన్ ఏటా వస్తుంది. జూన్‌లో బడులు ఏటా తెరుస్తారు. పెళ్లిళ్లు ఏటా ఉంటాయి. చాంద్రమానం ప్రకారం ఈద్ ప్రతి సంవత్సరం 10, 11 రోజులు ముందుగా వస్తుంది గనుక కొన్నేళ్లు ఈ ఖర్చులు ఒకదానిమీద ఒకటి పడతాయి. 2017లో ఈదుల్ ఫిత్ర్ జూన్ 26న, 2018లో జూన్ 16న వచ్చింది. ఆ రెండేళ్లూ బట్టల ఖర్చు, పుస్తకాల ఖర్చు ఒకే నెలలో పడ్డాయి. ఇవి క్యాలెండర్ చూస్తే ముందే తెలిసే సంగతులు.

వీటికి తోడు, డబ్బు కట్టే పద్ధతి కూడా మన చేతిని వదులు చేస్తుంది. అమెరికాలో ప్రెలెక్, సిమెస్టర్ అనే ఇద్దరు పరిశోధకులు 2001లో ప్రచురించిన ప్రయోగంలో ఒక ఆట టికెట్లను వేలం వేశారు. కార్డుతో కట్టవచ్చని చెప్పిన వారు, నగదే కట్టాలని చెప్పిన వారికంటే బాగా ఎక్కువకు పాడారు. నోట్లు లెక్కపెట్టి ఇచ్చేటప్పుడు కలిగే చిన్న నొప్పి కార్డు గీకేటప్పుడు ఉండదు. ఫోనుతో చెల్లించేటప్పుడు ఎలా ఉంటుందో మనలో ప్రతి ఒక్కరూ ఆలోచించుకోవచ్చు.

జారడం, పడిపోవడం

అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త అలన్ మార్లాట్ మద్యం మానేసినవారిపై పరిశోధన చేసి ఒక ఉపయోగకరమైన భేదం చూపించారు. ఒకసారి జారడం వేరు, పూర్తిగా పాత స్థితికి పడిపోవడం వేరు. ఈ రెండింటి మధ్య ఉండేది మనిషి తనకు తాను చెప్పుకునే మాట. “ఈ రోజు జారాను, ఎందుకు జారానో చూసుకోవాలి” అనుకున్నవాడు నిలదొక్కుకుంటాడు. “ఇక అయిపోయింది, నేనింతే” అనుకున్నవాడు పూర్తిగా కిందికి పోతాడు. ఖర్చు విషయంలోనూ ఇదే కనిపిస్తుంది. కార్డు మీద 5,000 ఖర్చు చేసినవాడు దాన్ని ఇంట్లో దాచి, “ఎలాగూ పోయింది” అనుకుంటూ మరో 25,000 చేసేదాకా ఆగడు.

ఉపాధ్యాయులుగా మాకు ఇది తరగతి గదిలో రోజూ కనిపించే విషయం. పది రోజులు బడి ఎగ్గొట్టిన పిల్లవాడు పదకొండో రోజు గుమ్మం దగ్గర నిలబడతాడు. అందరిముందూ “ఇన్నాళ్లూ ఎక్కడ చచ్చావు?” అంటే ఆ పిల్లవాడు పన్నెండో రోజు రాడు. “రా, కూర్చో, పోయిన పాఠాలు రెండున్నాయి, ఇవి రాసుకో” అంటే నిలబడతాడు. అంటే తప్పును తప్పు కాదన్నట్టు కాదు. పోయిన పాఠాలు అతడే రాయాలి. కానీ లోపలికి వచ్చే తలుపు తెరిచి ఉండాలి.

దివ్యఖురాన్ అప్పు విషయంలో ఈ రెండు వైపులనూ మన ముందుంచింది. ఖురాన్‌లోకెల్లా పొడవైన వాక్యం, అల్ బఖరా సూరాలోని 282వ వాక్యం, అప్పును సాక్షులతో రాసి పెట్టుకోవడం గురించినది. దానికి రెండు వాక్యాల ముందే, ఇబ్బందిలో ఉన్న రుణగ్రస్తుడికి వెసులుబాటు దొరికేదాకా గడువివ్వాలన్న ఆదేశం ఉంది. లెక్క కచ్చితంగా ఉండాలి, మనసు మెత్తగా ఉండాలి. ఈ రెండింటిలో ఏ ఒక్కటి వదిలినా పాఠం పూర్తికాదు.

ఒక లెక్క వేద్దాం

ఇప్పుడు బల్ల మీద కాగితం పెట్టుకుని ఒక లెక్క చేద్దాం. ఇది బోధన కోసం అనుకున్న కుటుంబమే కానీ, ఇలాంటి ఇళ్లు మనకు తెలియనివి కావు. భర్త ఒక దుకాణంలో పనిచేస్తాడు, భార్య ఇంట్లో కుట్టుపని చేస్తుంది. ఇద్దరి ఆదాయం కలిపి నెలకు 30,000 రూపాయలు. రెండేళ్ల కిందట అప్పులన్నీ తీర్చుకున్నారు. ఇప్పుడు మళ్లీ ఇలా ఉన్నాయి:

కిరాణా కొట్టు ఖాతా: 6,800
ఫోను వాయిదాలు: నెలకు 2,000 చొప్పున ఇంకా 6, అంటే 12,000
బావమరిది ఇచ్చిన చేబదులు: 15,000, వడ్డీ లేదు
క్రెడిట్ కార్డు: 30,000, నెలకు నూటికి 3 రూపాయల 50 పైసల వడ్డీ
బంగారం కుదువ: 60,000, నెలకు నూటికి 1 రూపాయి వడ్డీ
మొత్తం: 1,23,800

మొదటి మెట్టు ఈ పట్టిక రాయడమే. భార్యాభర్తలిద్దరూ కలిసి కూర్చుని, ఏదీ దాచకుండా రాయాలి. దాచిన అప్పు ఒక్కటి మిగిలినా మిగతా లెక్కంతా అబద్ధమవుతుంది. ఈ పట్టికలో వడ్డీకి పోతున్నది కార్డుకు 1,050, బంగారానికి 600, కలిపి నెలకు 1,650 రూపాయలు.

రెండో మెట్టు ఇంటి ఖర్చు. అద్దె 6,500. బియ్యం, కిరాణా, పాలు, కూరగాయలు, మాంసం 8,000. బడి ఫీజు, ఆటో 2,000. కరెంటు, గ్యాసు, ఫోను 1,700. పెట్రోలు 1,300. మందులు 500. వీటి మొత్తం 20,000. దీనికి ఇంకొకటి కలపాలి. ఈద్ బట్టలు, జూన్‌లో పుస్తకాలు, యూనిఫారం, పెళ్లి కానుకలు, బండి బీమా వంటి ఏడాది ఖర్చులు 24,000 అనుకుంటే, నెలకు 2,000 పక్కన పెట్టాలి. అప్పుడు ఖర్చు 22,000. మిగిలేది 8,000.

చాలామంది ఈ 2,000ను లెక్కలోంచి తీసేసి, ఆ డబ్బు కూడా అప్పుకు కట్టి త్వరగా బయటపడాలని చూస్తారు. రెండోసారి జారడానికి ఇదే పెద్ద కారణం. పండగ వచ్చిన నెలలో వారి దగ్గర ఏమీ ఉండదు. నెమ్మదిగా తీరినా తిరిగి రాకుండా తీరడం మేలు.

మూడో మెట్టు ఆ 8,000ను పంచడం. ఫోను వాయిదా 2,000. బంగారం వడ్డీ 600. ఆపద నిల్వ 500. కార్డుకు కనీసం కట్టవలసింది నూటికి 5 చొప్పున 1,500 అనుకుందాం. ఇవి పోగా మిగిలిన 3,400 మన చేతిలోని ఆయుధం. దాన్ని ఒకేసారి ఒక్క అప్పు మీదే ఎక్కుపెట్టాలి.

ఆ 1,500 గురించి ఒక హెచ్చరిక. కనీస మొత్తం కడితే చాలు అనుకుంటే మోసపోతాం. 1,500 కడితే అందులో 1,050 వడ్డీకే పోతుంది, అసలులో తగ్గేది 450 మాత్రమే. పైగా గడువులోగా బకాయి మొత్తం కట్టనప్పుడు కొత్తగా కొన్నవాటికీ వడ్డీ లేని గడువు ఉండదు. అందుకే ఈ లెక్కంతా కార్డును ఇక వాడరన్న షరతు మీద నడుస్తుంది. వడ్డీపై పడే జీఎస్‌టీని లెక్క తేలికగా ఉండటానికి కలపలేదు.

నాలుగో మెట్టు వరుస. ఎక్కువ వడ్డీ ఉన్నదాన్ని ముందు తీర్చడం అంకగణితం ప్రకారం లాభం. చిన్న అప్పును ముందు తీర్చడం మనసుకు బలం. డేవిడ్ గాల్, బ్లేక్ మెక్‌షేన్ 2012లో ప్రచురించిన అధ్యయనంలో, ఖాతాలు ఒక్కొక్కటిగా పూర్తిగా మూసుకుంటూ పోయినవారే చివరికి అప్పుల నుంచి బయటపడే అవకాశం ఎక్కువని తేలింది. ఒకసారి ఓడి మళ్లీ మొదలుపెట్టినవారికి తొలి గెలుపు త్వరగా దొరకడం అవసరం. కనుక మన ఉదాహరణలో ముందు కిరాణా ఖాతా, ఆ తర్వాత కార్డు తీసుకుందాం.

మొదటి రెండు నెలలు 3,400 చొప్పున కడితే కిరాణా ఖాతా తీరిపోతుంది. మూడో నెల నుంచి ఆ 3,400, పాత 1,500 కలిసి 4,900 కార్డుకు వెళ్తాయి. ఆరో నెలతో ఫోను వాయిదాలు అయిపోతాయి. ఆ 2,000 కూడా కలిసి ఏడో నెల నుంచి 6,900 అవుతుంది. ఎనిమిదో నెలలో కార్డు సున్నాకు వస్తుంది. పదకొండో నెలలో బావమరిది చేబదులు తీరుతుంది. అక్కడి నుంచి వడ్డీతో కలిపి నెలకు 7,500 బంగారానికి కడితే పందొమ్మిదో నెలలో నగ ఇంటికి వస్తుంది. అప్పటికి ఆపద నిల్వ 9,500 అయి ఉంటుంది.

గమనించండి, ఈ 19 నెలల్లో ఎక్కడా ఆదాయం పెరగలేదు. ఒక అప్పు తీరినప్పుడు ఖాళీ అయిన డబ్బు ఇంటి ఖర్చులో కలిసిపోకుండా తర్వాతి అప్పుకు వెళ్లింది, అంతే. బంగారం విషయంలో మాత్రం జాగ్రత్త. కుదువ గడువు దాటితే నగ వేలానికి పోతుంది. ఆ గడువు ముందుగా వస్తుంటే పునరుద్ధరించుకోవాలి, లేదా వరుస మార్చుకోవాలి. బావమరిది అప్పుకు వడ్డీ లేదు కదా అని మౌనంగా ఉండకూడదు. “తొమ్మిదో నెల నుంచి మొదలుపెట్టి తీరుస్తాం” అని ముందే వెళ్లి చెప్పాలి. మాట చెప్పని చేబదులు బంధుత్వాన్ని తింటుంది.

ఇరవయ్యో నెల సంగతి

అసలు పరీక్ష ఇరవయ్యో నెలలో ఉంది. ఆ నెల చేతిలో 8,000 మిగులుతాయి. అడిగేవారు ఉండరు. ఇక్కడే రెండేళ్ల కిందట ఈ కుటుంబం జారింది. అందువల్ల ఆ డబ్బు ఎటు పోవాలో మొదటి నెలలోనే కాగితం మీద రాసి పెట్టుకోవాలి. ఉదాహరణకు, మూడు నెలల ఇంటి ఖర్చుకు సరిపడా నిల్వ అయ్యేదాకా 5,000 పక్కకు. పిల్లల చదువుకు 2,000. మిగిలిన 1,000 కుటుంబం సంతోషంగా ఖర్చుపెట్టుకోవడానికి. సంతోషానికి కొంత లెక్కలోనే చోటిస్తే అది దొంగదారిన రాదు. అల్ ఫుర్ఖాన్ సూరాలో దైవదాసుల లక్షణంగా చెప్పింది కూడా ఇదే: దుబారా కాదు, పిసినారితనమూ కాదు, ఈ రెండింటి నడిమి దారి.

అప్పు తీరిన కార్డును జేబులో ఉంచుకోవలసిన పని లేదు. బకాయి మొత్తం తీరాక రద్దు చేయమని కోరితే, కార్డిచ్చిన సంస్థ 7 పనిదినాల్లో రద్దు చేయాలని, ఆలస్యమైతే రోజుకు 500 రూపాయల చొప్పున కట్టాలని రిజర్వు బ్యాంకు 2022లో నిబంధన పెట్టింది. కార్డు పరిమితిని మన స్పష్టమైన అంగీకారం లేకుండా పెంచకూడదన్నది కూడా ఆ నిబంధనల్లో ఉంది. “మీ పరిమితి పెంచుతున్నాం” అని ఫోన్ వస్తే “వద్దు” అనే హక్కు మనకుంది.

వసూలుకు వచ్చేవారి బెదిరింపులకు భయపడి ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు చేయడం అన్నిటికంటే ప్రమాదకరం. 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మరుణాల సంక్షోభం ఇలాగే ముదిరింది. ఒకే ఇంటికి పలు సంస్థలు అప్పులివ్వడం, ఒకరికి కట్టడానికి ఇంకొకరి దగ్గర తీసుకోవడం, వారం వారం వసూళ్ల ఒత్తిడి చేరి చివరికి ఆ ఏడాది అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. ఇప్పుడు సూక్ష్మరుణాల విషయంలో కుటుంబం నెలవారీ అప్పు చెల్లింపులన్నీ కలిపి ఆదాయంలో సగం దాటకూడదని రిజర్వు బ్యాంకు 2022 నిబంధన చెబుతోంది. బ్యాంకులు, ఫైనాన్సు సంస్థల వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత బాకీ కోసం ఫోన్ చేయకూడదు. సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసినా పట్టించుకోకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. సమాచారానికి 14448 నంబరు ఉంది. ఈ వివరాలు మన సొసైటీ నోటీసు బోర్డు మీద తెలుగులోనూ ఉర్దూలోనూ ఉండటం మంచిది.

దాతలుగా మన వంతు

ఇక దాతల సంగతి. దివ్యఖురాన్ తౌబా సూరా 60వ వాక్యంలో జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలను పేర్కొంది. రుణగ్రస్తులు వారిలో ఒకరు. దైవప్రవక్త ముహమ్మద్ (స) పాపం నుంచీ అప్పు నుంచీ రక్షణ కోరుతూ నమాజులో దుఆ చేసేవారని హదీసుల్లో ఉంది. అప్పు మనిషిని ఎంతగా కుంగదీస్తుందో అందులోనే తెలుస్తుంది. అప్పు తీర్చుకోవడానికి సాయపడటం మనకు కొత్త ఆలోచన కాదు. అది బాధ్యత. ఎలా సాయపడాలన్నదే మనం ఆలోచించవలసింది.

చెన్నై అధ్యయనం చెప్పిన పాఠాన్ని గుర్తుంచుకుంటే, రెండోసారి వచ్చిన కుటుంబానికి తలుపు మూయడమూ సరికాదు, మొదటిసారిలాగే చెక్కు రాసి పంపడమూ సరికాదు. దీనికి నాలుగు సూచనలు చేస్తున్నాం.

ఒకటి, సాయానికి ముందు పట్టిక. పై ఉదాహరణలో చూపినట్టు అప్పుల పట్టిక, ఇంటి ఖర్చు పట్టిక భార్యాభర్తలిద్దరూ కలిసి రాసి తేవాలి. రాయలేనివారికి రాసిపెట్టే బాధ్యత సొసైటీలోని చదువుకున్న యువకులు, విశ్రాంత ఉద్యోగులు తీసుకోవాలి. ఆ కాగితం ముగ్గురికి మించి ఎవరికీ కనబడకూడదు. మస్జిదు మెట్ల మీద చర్చకు వచ్చిన అప్పు రెండోసారి మన దగ్గరికి రాదు.

రెండు, మొత్తం అప్పు కాదు, కాటు వేసే అప్పు. పై కుటుంబానికి 1,23,800 ఇవ్వనక్కరలేదు. కార్డు 30,000 ఒక్కటి ఖర్జ్-ఎ-హసనాగా ఇచ్చి, అదే వరుసలో సొసైటీకి వాయిదాలుగా కట్టించుకుంటే, ఎనిమిది నెలల్లో కార్డు వడ్డీగా పోయే సుమారు 6,000 రూపాయలు ఆ ఇంట్లోనే మిగులుతాయి. తిరిగి వచ్చిన 30,000 ఇంకో ఇంటికి వెళ్తుంది. నగలు కుదువ పెట్టుకుని వడ్డీ లేకుండా అప్పిచ్చే బైతుల్‌మాల్ సంస్థలు హైదరాబాద్‌లో దశాబ్దాలుగా నడుస్తున్నాయి. వాటి పద్ధతిని మన కమిటీ వెళ్లి చూసి రావచ్చు. జకాత్ సొమ్మును, తిరిగి వసూలు చేసే అప్పుల నిధిని మాత్రం వేర్వేరు ఖాతాల్లో ఉంచాలి. ఏది దేనికి వాడవచ్చో ఉలమాను అడిగి రాతపూర్వకంగా తీసుకోవాలి.

మూడు, నెలకో పలకరింపు. 19 నెలలూ ఒక మనిషి నెలకు ఒకసారి వెళ్లి “ఈ నెల ఎలా జరిగింది?” అని అడగాలి. తనిఖీ అధికారిలా కాదు, అన్నలా, అక్కలా. ఒక నెల తప్పితే ఎందుకు తప్పిందో కలిసి చూడాలి. జారిన నెలలోనే తెలిస్తే 2,000తో సరిపోతుంది. ఏడాది తర్వాత తెలిస్తే 50,000 అవుతుంది. డబ్బు ఇవ్వలేనివారు కూడా ఇవ్వగలిగిన దానం ఇది.

నాలుగు, మన పెళ్లిళ్లు. ఇది చెప్పడం కష్టమే అయినా చెప్పక తప్పదు. లేనివారి దుబారాకు కొలమానం ఉన్నవారి దావత్‌లే. నాలుగు రకాల బిర్యానీ, వేదిక అలంకరణ, వరుడికి బండి చూసిన పక్కింటి తండ్రి తన కూతురి పెళ్లికి అప్పు చేస్తాడు. ఆ అప్పు తీర్చడానికి మన దగ్గరికే వస్తాడు. స్తోమత ఉన్న దాత తన ఇంటి నికాహ్‌ను మస్జిదులో, వలీమాను ఒకే పూట సాదాగా జరిపిస్తే, ఒక్క రూపాయి ఇవ్వకుండానే ఎన్నో ఇళ్లను అప్పు నుంచి కాపాడినవాడవుతాడు.

ఇంట్లో చర్చించుకోవడానికి

పాఠం చివర అభ్యాసం లేకపోతే అది పాఠం కాదు. ఈ పుటను పక్కన పెట్టేముందు కుటుంబమంతా కూర్చుని ఈ ప్రశ్నలకు జవాబులు రాసుకోవలసిందిగా కోరుతున్నాం.

1. మన ఇంట్లో ఏడాదికోసారి వచ్చే ఖర్చులు ఏవేవి? వాటి మొత్తాన్ని 12తో భాగిస్తే నెలకెంత?

2. ఇంట్లో ఇంకొకరికి తెలియని అప్పు, చిన్నదైనా సరే, ఏదైనా ఉందా? ఈ వారంలో దాన్ని ఎవరికి చెబుతాం?

3. గత ఆరు నెలల్లో తీరిన వాయిదా ఏదైనా ఉందా? ఆ డబ్బు ఇప్పుడు ఎటు పోతోంది?

4. రేపు 3,000 రూపాయల అనుకోని ఖర్చు వస్తే కార్డు, కుదువ, చేబదులు లేకుండా తట్టుకోగలమా?

5. దాతలకు: రెండోసారి సాయం కోరి వచ్చినవారిని మనం మొదట ఏ ప్రశ్న అడుగుతున్నాం? “మళ్లీ ఎందుకు చేశావు?” అనా, “ఎక్కడ జారింది, చూద్దాం” అనా?

నాలుగో ప్రశ్నకు “తట్టుకోలేం” అన్నది జవాబైతే, ఈ నెల జీతం అందిన రోజునే 500 రూపాయలతో ఆపద నిల్వ మొదలుపెట్టండి. ఐదో ప్రశ్నకు జవాబును మాత్రం మన కమిటీ వచ్చే సమావేశంలో నలుగురూ కలిసి రాయాలి.